ఆమెన్ చెప్పని ప్రార్థన

మూడు శాఖలు కలిసి చేసే పరిశోధన అని మా విశ్వవిద్యాలయంలో ఒకటి మొదలైంది. వైద్యం వాళ్లు, సామాజిక సేవ వాళ్లు, తెలుగు వాళ్లు. మంచం పట్టిన మనిషిని ఇంట్లో చూసుకునేవాళ్ల బతుకు ఎలా ఉందో తెలుసుకోవాలి. బాగా అలసిపోయినవాళ్ల ఇంటికి పగటిపూట ఒక ఆయాను పంపే ఏర్పాటు కూడా ఉంది. తెలుగు తరఫున నన్ను వేశారు. వేశారన్న మాటే గాని, ఇంగ్లీషు ప్రశ్నల్ని తెలుగులోకి మార్చిపెట్టాక నాతో ఇంకేం పని ఉంటుందో డాక్టర్లకు అంతుబట్టలేదు. ఆ సంగతి నాకు నచ్చేది కాదు.

ఉప్పల్ మెట్రో దగ్గర దిగి షేర్ ఆటోలో నాచారం వెళ్లేదాన్ని. అక్కడ ఫ్యాక్టరీల వెనక సందులో, చర్చి గోడను ఆనుకొని, రెండు గదుల ఇల్లు. ఆ ఇంట్లో అత్తాకోడళ్లు. అత్తకు పక్షవాతం. మాట పడిపోయింది, ఎడమ చెయ్యి మాత్రం ఆడుతుంది. కొడుకుది రాత్రి డ్యూటీ. ఒంటికి పుండ్లు పడకుండా ఆమెను రాత్రంతా అటూ ఇటూ తిప్పేది కోడలే.

“వందనాలు అక్కా” అని కుర్చీ తుడిచి వేసిందామె. నేనూ అలాంటి క్రైస్తవుల ఇంట్లో పుట్టినదాన్నే, మా నాన్న జనగామ వైపు ఊళ్లలో పాస్టరు. ఆయన పోయాక నేను చర్చికి వెళ్లడం మానేశాను.

“రాత్రి నిద్ర పడుతుందా?” అని అడిగాను.

“దేవుని దయవల్ల మంచిగనే ఉన్నమక్కా. ఇంతదాంక నడిపించిండు, ఇంక గూడ నడిపిస్తడు.”

“ఒళ్లు నొప్పులు?”

“ప్రభువు బలమిస్తుండు.”

ప్రతి ప్రశ్నకూ ఇదే వరస. కళ్ల కింద నలుపు కమ్మిన మనిషి నవ్వుతూ చెప్పింది. చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చాను.

ఆ శుక్రవారం మీటింగులో పెద్ద డాక్టరు ఆ కాగితాలు తిరగేసి, “ఈమెకు ఇబ్బంది లేదు, ఆయా అక్కర్లేదు” అని పక్కన పెట్టేశాడు. సోమవారం నుంచి ఆయాలు వెళ్లాలి. ఉన్నది కొద్దిమందే.

“అది జవాబు కాదు సార్, సాక్ష్యం” అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. ఆదివారం చర్చిలో లేచి నిలబడి కష్టం చెప్పుకున్నా స్తోత్రంతోనే ముగించాలనీ, నాకు చేతకావట్లేదంటే దేవుని మీద సణిగినట్టనీ, సణగడం మా ఇళ్లలో పాపమనీ చెప్పాను. గొంతు కాస్త లేచింది.

“మరెట్లా అడగాలమ్మా?”

“ప్రార్థన అంశం అడగాలి, అంటే దేనికోసం ప్రార్థన చెయ్యమంటారో అడగాలి. అక్కడైతే ఉన్నదున్నట్టు చెప్తారు.”

“మన ప్రశ్నల్లో అది లేదే.”

“లేకపోతే చేర్చండి.”

ఆయన పక్కన పెట్టిన కాగితాలు మళ్లీ ముందుకు లాక్కున్నాడు. రేపు వెళ్లి అడిగి రమ్మన్నాడు.

శనివారం మధ్యాహ్నం వెళ్లాను. అత్త మంచం పక్కనే కోడలు గోడకు ఆనుకొని కింద కూర్చుంది, నేను ఎదురుగా కూర్చున్నాను. “నీకోసం ప్రార్థన చెయ్యాలంటే ఏమని చెయ్యాలె చెల్లే?” అని అడిగాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. అత్త వైపు చూసింది.

“నిద్ర కోసం చెయ్యి అక్కా” అన్నది మెల్లగా. “నిలవడ్డకాడనే కండ్లు మూసుకపోతున్నయ్. మొన్న అత్తమ్మను తిప్పుతుంటె నా చెయ్యి జారింది. మంచం మీదికెల్లి కింద పడుతుండె. గీ ముచ్చట ఎవ్వరికీ చెప్పలే.”

నాకు కావలసింది దొరికింది. ఇక లేచి రావచ్చు. కానీ అంశం అడిగి ప్రార్థన చెయ్యకుండా లేచే పద్ధతి మావాళ్లలో లేదు. ఆమె అప్పటికే చున్నీ తలమీదికి లాక్కొని కళ్లు మూసుకుంది. నేను పైకి ప్రార్థన చేసి ఏళ్లయింది. సిగ్గేసింది, భయమేసింది. మా నాన్న మాటలే అరువు తెచ్చుకొని మొదలుపెట్టాను. మొదట్లో ఆమె “అవును ప్రభువా” అంటూ వచ్చింది. కాసేపటికి ఆ మాట వినబడలేదు. కళ్లు తెరిచి చూస్తే గడ్డం గుండెల మీదికి వాలి, నోరు కొంచెం తెరుచుకొని ఉంది.

నేను ఆగితే లేస్తుంది. ఆమెన్ అంటే తప్పకుండా లేస్తుంది. ఏం చెయ్యాలో తెలియక మంచం వైపు చూశాను. అత్త నన్నే చూస్తోంది. ఎడమ చెయ్యి పైకెత్తి, కానియ్యమన్నట్టు మెల్లగా ఊపింది.

కానిచ్చాను. దవాఖానాల్లో ఉన్నవాళ్ల కోసం, ఫ్యాక్టరీల్లో రాత్రిళ్లు నిలబడేవాళ్ల కోసం, మల్కాజిగిరిలో ఉన్న మా అక్క కోసం, ఉప్పల్ రోడ్డు మీద గుంతల్లో పడేవాళ్ల కోసం, మా పెద్ద డాక్టరు కోసం చేశాను. అడగడానికి ఎవరూ మిగలక మళ్లీ మొదటికొచ్చాను. గొంతు ఎండిపోయింది. ఏడుపొస్తోంది, అయినా గొంతు మారనివ్వలేదు.

బయట ఏదో లారీ హారన్ కొట్టింది. ఆమె ఉలిక్కిపడి, కళ్లు తెరవకముందే “ఆమెన్” అన్నది. తర్వాత చున్నీ సర్దుకుంటూ, “శానసేపు చేసినవా అక్కా?” అని అడిగింది.

“లేదు చెల్లే, ఇప్పుడే అయిపోయింది.”

సందు మలుపు తిరుగుతూ డాక్టరుకు ఫోన్ చేశాను.

“అడిగారా? ఏమంది?”



“కూర్చున్నచోటే నిద్రపోయింది సార్” అన్నాను.

 సోమవారం ఆయాను పంపాలి, ఇంటి గుర్తులు చెప్పమన్నాడు.