సూర్యం బాబాయి టీషర్టు

మా సూర్యం బాబాయి పుట్టినప్పటి నుంచీ అన్నగార్ల పాత చొక్కాలే తొడుక్కుంటున్నారు. అందుకని అమలాపురంలో కొత్తగా అమ్ముతున్న నీలం టీషర్టొకటి కొన్నాను. నూతిలో వేసే బ్లీచింగు పౌడరు నీళ్లలో కలిపి, అగ్గిపుల్లతో గుండెల మీద 'సూర్యం' అని రాశాను. రంగు పోయి, పేరు తెల్లగా తేలింది. పోయిన వారం ఇస్తే, ఆ అక్షరాలు తడుముకుని, "అయితే ఇది ఇంకెవరిదీ కాదన్నమాట" అని మురిసిపోయేరు.

ఇవాళ సాయంత్రం ముక్తేశ్వరం రేవులో ఆ టీషర్టుతోనే కనిపించేరు. నేను పౌడరు ఎక్కువ కలిపేసినట్టున్నాను. ఒక్క ఉతుక్కే అక్షరాలున్న చోటల్లా గుడ్డ చివికి చిల్లులు పడిపోయింది. రేవులో జనం చూసి నవ్వుతున్నారు. నాకు ఏడుపొచ్చేసింది.

"అది విప్పేయండి బాబాయ్, ఇంకోటి చేసిస్తాను" అన్నాను.

"చిరిగిన చొక్కాలు నాకు కొత్తేంటమ్మా? నా పేరు మీద చిరిగింది ఇదొక్కటే" అని పడవెక్కేసేరు.

ఇంటికొచ్చినా అన్నం సయించలేదండీ. బ్లీచింగు ఎంత కలపాలో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. కొత్తది చేస్తాను గానీ, ఆయన ఇది విప్పుతారని మాత్రం నాకు నమ్మకం లేదు.