పిల్‌నామ్ పేరుకు కొత్త అక్షరాలు

యంగ్‌జు బజారులో చేత్తో నూడుల్స్ చేసి అమ్మే పిల్‌నామ్, ఇంట్లో నాలుగో ఆడపిల్ల. అక్కడ పిలిచే పేరు ఒకటే అయినా, దాన్ని ఏ చీనా అక్షరాలతో రాస్తే ఆ అర్థం వస్తుంది. ఆమె పుట్టగానే వాళ్ల తాత ఆ పేరును ‘తప్పకుండా’, ‘మగవాడు’ అనే రెండు చీనా అక్షరాలతో రాయించాడు. మరుసటి కాన్పుకైనా మగపిల్లవాడు పుడతాడని ఆశ. మళ్లీ చెల్లెలే పుట్టింది. దానికి ‘చివరిది’ అనే అర్థమొచ్చే ‘మల్’ చేర్చి మల్‌సుక్ అని పెట్టి ఊరుకున్నారు.

బడిలో చీనా అక్షరాలు చెప్పే మాస్టారు హాజరు పట్టీ చూసి, “ఏడీ, తప్పకుండా వస్తానన్న మగాడు?” అని క్లాసంతా నవ్వించేవాడు. ఆనాటి నుంచి పిల్‌నామ్ తన పేరు చీనా అక్షరాల్లో రాయడం మానేసింది.

యాభై రెండో ఏట సొంత కొట్టు పెట్టుకుంటూ, సంతకానికి బదులు వేసే పేరు ముద్ర చెక్కించుకోవడానికి, ముద్రలు చెక్కే ముసలి ప్యో దగ్గరకు వెళ్లింది.

“ఏ అక్షరాలమ్మా?” అన్నాడాయన.

తల వంచుకుని చెప్పింది. ఆయన నవ్వలేదు.

“‘పిల్’ అని పలికే అక్షరాలు బోలెడున్నాయి. రాసే కుంచె అక్షరాన్నీ ‘పిల్’ అనే పలుకుతారు. దక్షిణ దిక్కు అక్షరాన్నీ ‘నామ్’ అనే పలుకుతారు. పిలుపు మారదు, అర్థం మారుతుంది.”

“ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదేంటి పెద్దాయనా?”

“నువ్వడిగితేగా!”

పిల్‌నామ్ ఆ కుంచెనూ, దక్షిణాన్నే ఎంచుకుంది. అక్షరాల మార్పుకు కోర్టు అనుమతి కావాలి. దరఖాస్తులో కారణం అడిగిన చోట ఆమె, ‘పుట్టింది నేను. నా పేరు నా గురించే ఉండాలి’ అని రాసింది. రెండు నెలలకు అనుమతి వచ్చింది.

ముసలి తల్లి నొచ్చుకుంటుందేమోనని భయపడుతూనే చెప్పింది.

“ఆ అక్షరాలు నాకేం తెలుసే? మీ తాత ఏం రాయించాడో నేను చదివానా?” అంది తల్లి. “పిల్‌నామ్ అని కేకేస్తే నువ్వే పరిగెత్తుకొచ్చేదానివి. నాకు ఆ పేరంటే నువ్వే.”

పిల్‌నామ్ ఆమె ఒడిలో తల పెట్టి చాలాసేపు ఏడ్చింది. గుండె తేలికైంది.

ఆ ఆదివారమే మల్‌సుక్ వాకిట్లోంచే కేకలేస్తూ ఊడిపడింది.

“అక్కా, నా ‘మల్’కి కూడా వేరే అక్షరముందేమో చూడవే.”

ఇద్దరూ నిఘంటువు ముందేసుకుని కూర్చున్నారు.

“మల్లెపువ్వుందే!” అంది పిల్‌నామ్.

“మరి ‘సుక్’ అంటే?”

“నెమ్మదస్తురాలు.”

“అయ్యో, అదీ మార్చెయ్!” అంది మల్‌సుక్.