ముగ్గురిని ఒక్కణ్ణి చేసిన పుస్తకం

హాంబర్గ్‌లో చరిత్ర ఎం.ఏ. చదువుతున్నానంటే మనవాళ్ళు ముందు జాలిపడేవారు. అమెరికా గడ్డిమైదానాల మధ్య స్వీడన్ నుంచి వలసపోయిన రైతులు కట్టుకున్న ఓ చిన్న ఊరి మీద థీసిస్ రాస్తున్నానంటే ఆ జాలి కూడా మిగిలేది కాదు. "మన ఊళ్ళు లేవా?" అని అడిగేవారు. మా ప్రొఫెసర్ అదే మాట మర్యాదగా అన్నారు: జర్మనీలో ఉన్న భారతీయుల మీద రాస్తే మీకు సులువు కదా అని. ఇక్కడివాళ్ళు ఎవరి మీదైనా రాయవచ్చు, నేను మాత్రం నా మీదే రాసుకోవాలన్నమాట. ఒళ్ళు మండింది. ఆ ఊరినే పట్టుకుని కూర్చున్నాను.

ఇంతలో కరోనా వచ్చింది. లైబ్రరీలో రెండు గంటలు కూర్చోవడానికి టెర్మిన్, అంటే ముందస్తు అపాయింట్‌మెంట్, దొరకడమే గగనమైంది. ఆ ఊరి చర్చివాళ్ళు పాత రిజిస్టర్ల ఫోటోలు ఇంటర్నెట్‌లో పెట్టారు కాబట్టి బతికాను. హాస్టల్ గదిలో రూమ్మేట్ చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని క్లాసులు వింటుంటే, నేను ఎవరివో పెళ్ళిళ్ళూ బాప్తిస్మాలూ చదువుతుండేదాన్ని.

ఆ ఊరి మీద ఉన్న ఒకే ఒక్క మంచి పుస్తకం మా ప్రొఫెసర్ రాసిందే. అందులో ఓ పెద్ద భూస్వామి ఉంటాడు. వరసగా మూడు పెళ్ళిళ్ళు, మూడు పొలాలు. పేదల ఊరని పేరే గానీ ఒక్కడే అంతా మింగాడని ఆయన వాదన. నేనూ నమ్మాను.

ఓ రోజు ఒక బాప్తిస్మం దగ్గర ఆగిపోయాను. బిడ్డ తండ్రిగా ఆ భూస్వామి పేరుంది. పక్కన సాక్షిగా నిలబడిన జ్ఞానతండ్రి పేరూ అదే. రాసినవాడు పొరపాటున ఒకే పేరు రెండుసార్లు రాశాడని ప్రొఫెసర్ పుస్తకంలో ఉంది. నాకు నవ్వొచ్చింది. ఇలాంటి పొరపాటు మా ఇంట్లో ఒకసారి జరిగింది.

మా ఇంట్లో నలుగురు మనవలకూ తాతయ్య పేరే పెట్టారు. కోడళ్ళు మామగారి పేరు నోటితో పలకకూడదు కాబట్టి మా అమ్మా, పెద్దమ్మా, పిన్నులూ వాళ్ళను పెద్దోడు, నల్లోడు, బొద్దోడు, బుడ్డోడు అని పిలిచేవారు. ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు. రేషన్ కార్డు దగ్గరే వచ్చింది. ఒకే పేరు నాలుగుసార్లు పడిందని ఒక గుమాస్తా ముగ్గురి పేర్లు కొట్టేశాడు. నాయనమ్మ నలుగురినీ రెక్కలు పట్టుకుని లాక్కెళ్ళి అతని బల్ల ముందు వరసగా నిలబెట్టింది.

"ఇదుగో, లెక్కెట్టుకో నాయనా! ఒక్కడా, నలుగురా?" అంది.

నేనూ అదే పని చేశాను. రిజిస్టర్లలో ఆ భూస్వామి పేరుతో ఉన్న ప్రతి సంతకాన్నీ పక్కపక్కన పెట్టాను. ఒకటి గుండ్రంగా, ముద్దుగా ఉంది. ఇంకొకటి వంకర టింకర. మూడోది సంతకమే కాదు, రాయడం రానివాడు పెట్టిన అడ్డగీత. పైగా ఒకాయన్ని పాతిపెట్టిన ఏడాదికి అదే పేరుతో ఇంకో పెళ్ళి జరిగింది. స్వీడన్ రైతుల్లోనూ తాత పేరు మనవడికి పెట్టే ఆచారముంది. వీళ్ళు అన్నదమ్ముల పిల్లలు, ఇంటిపేరు కూడా ఒక్కటే. ఊరిని మింగిన భూస్వామి ఎవరూ లేడు. తలా ఓ పొలం దున్నుకున్న ముగ్గురు బీదవాళ్ళున్నారు.

మా రూమ్మేట్‌ది కరీంనగర్. సంగతి వినగానే తల పట్టుకుంది.

"ఆయన బుక్కే తప్పంటవా? మార్కులేసేది ఆయననే గదనే! లొల్లి వద్దు, సప్పుడుజెయ్యక పాసై బయటపడు."

ఆమె భయంలో న్యాయముంది. ఆయన దగ్గరే పీహెచ్‌డీ చేయాలని నా ఆశ. దానికి థీసిస్‌లో గ్రేడు ఒకటి రావాలి. ఇక్కడ ఒకటి అంటేనే గొప్ప, రెండు దాని కింద. అయినా రాశాను. నాకీ అనుమానం ఎలా వచ్చిందో, రేషన్ కార్డు కథతో సహా, పేజీ అడుగున నోట్‌గా పెట్టాను.

చిత్తుప్రతి చదివి ప్రొఫెసర్ వీడియోకాల్ చేశారు. పెద్దమనిషి, దాటవేయలేదు.

"మీరు చెప్పింది నిజం. వాళ్ళు ముగ్గురే. నా పుస్తకంలో సరిచేస్తాను" అన్నారు. గాల్లో తేలిపోయాను. "కానీ మీ నాయనమ్మ గురించిన నోట్ తీసేయండి. అది పరిశోధన కాదు, ఇంటి కబురు. 'నామకరణ ఆచారాల తులనాత్మక పరిశీలన వల్ల' అని రాస్తే చాలు. అది అలాగే ఉంటే నేను ఒకటి వేయలేను."

ఆ రిజిస్టర్‌ను ఆయన ఏళ్ళ తరబడి చూశారు. ఆయనకు కనబడనిది నాకు కనబడింది నా తెలివి వల్ల కాదు. తులనాత్మక పరిశీలన అన్న మాట కూడా వినని ఒక మనిషి వల్ల. ఆమెను కొట్టేసి డిగ్రీ తీసుకోమంటున్నారు.

"తీయనండి" అన్నాను. "నాకెలా తెలిసిందో చెప్పకపోతే అది అబద్ధమవుతుంది."

"తొందరపడకండి. పీహెచ్‌డీ సంగతి కూడా ఆలోచించుకోండి" అన్నారాయన నెమ్మదిగా.

ఏడుపు ఆయనకు కనబడకూడదని కెమెరా ఆపేయబోయి, మానేశాను.

"ఆలోచించాను. రెండే వేయండి" అన్నాను.