దానంతట అది తెరుచుకోని పెన్‌డ్రైవ్

తమ్ముడి పదహారో రోజు కర్మ అయ్యింది. తిరుత్తణిలో వాడి ఇంటి ముందు పందిరి ఇంకా విప్పుతూ ఉండగానే నేత మామ వచ్చాడు. ఆయన నా మరదలికి, అంటే తమ్ముడి భార్యకు, మేనమామ. తిరుత్తణి పక్క పల్లెలో ఆయన మగ్గం ఉంది. వచ్చి గడప దగ్గరే కూర్చున్నాడు. కాసేపు కండువాతో ముఖం తుడుచుకుని, నాతో అన్నాడు.

"అడగకూడని టైములో అడగతా ఉండా నాయనా. చీర ఒళ్ళంతా నేసేసినా. కొంగు నిలిచిపోయింది. గీసి ఇస్తా మామా, రెండు దినాలు ఆగు అన్నాడు నీ తమ్ముడు. అంతలోనే ఇట్లయిపాయ."

తమ్ముడు పట్టుచీరల అంచులూ కొంగులూ కంప్యూటర్లో గీసేవాడు. తెర నిండా చిన్న గళ్లుంటాయి, ఒక్కో గడీ ఒక్కో పోగు. గీసింది పెన్‌డ్రైవ్‌లో వేసిస్తే, మగ్గం పైన బిగించిన ఎలక్ట్రానిక్ పెట్టె చదువుకుని, ఏ పోగు లేవాలో అదే లేపుతుంది. మామ చీరకు అంచు వాడు ముందే గీసి ఇచ్చాడు. కొంగు గీస్తూ ఉండగా గుండె ఆగిపోయింది. నలభై ఆరేళ్లు.

"వేరే కొంగేదైనా వేస్తే?" అన్నాను.

"అంచుకు పొందదు. పెండ్లికూతురి చీర ఇది, పెండ్లికి ఇరవై దినాలే ఉండాది. పడుగు మగ్గం మీదే ఉండాది, కోసేదానికీ లేదు, నేసేదానికీ లేదు."

తమ్ముడి కంప్యూటర్లో వెతికాను. ఇచ్చేసిన డిజైన్లన్నీ ఉన్నాయి, ఇది లేదు. చేతిలో ఉన్న పనిని వాడు ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకునేవాడని నాకు తెలుసు. అది కీబోర్డు పక్కనే దొరికింది. గుచ్చాను. ఏమీ రాలేదు. తీసి మళ్లీ గుచ్చాను. చివర చిన్న దీపం వెలిగింది కానీ తెర మీద ఏమీ తెరుచుకోలేదు. తిరువళ్ళూరులో మా ఇంట్లోని కంప్యూటరుకు ఏది గుచ్చినా వెంటనే కిటికీ ఒకటి తెరిచి లోపలివన్నీ పరిచి చూపిస్తుంది. నాకు అదే అలవాటు. ఇది పాడైపోయిందనుకున్నాను.

మరదలు పక్క గదిలోనే ఉంది. ఆమెను అడగాలని నాకు తోచలేదు. మా ఇళ్లలో తమ్ముడి భార్య బావతో నేరుగా మాట్లాడదు, బావ కూడా ఆమె ముఖం చూసి ఏదీ అడగడు. ఇందులో కోపమేమీ లేదు, అది పద్ధతి. పద్నాలుగేళ్లు మా ఇద్దరి మాటలూ తమ్ముడి మీదుగానే నడిచాయి. నేను ఎదురుగా నిలబడి ఉండగానే "ఇంకో దోసె వేసేదా అడుగు" అనేది వాడితో. "వెయ్యి, వద్దంటాడు గానీ తింటాడు" అని వాడు నన్ను అడక్కుండానే చెప్పేవాడు. వాడు పోయిన పదహారు రోజుల్లో మేము ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. అది దుఃఖం వల్ల అని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని లోకల్ రైలెక్కి తిరువళ్ళూరు వచ్చేశాను. ఇంట్లో నా కంప్యూటరుకు గుచ్చితే ఈసారి కిటికీ వచ్చింది. దీన్ని వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా అని అడిగింది. ఫార్మాట్ అంటే తుడిచెయ్యడమని తెలుసు. వద్దని నొక్కి, స్టేషను దగ్గర కంప్యూటర్లు బాగుచేసే అంగడికి తీసుకువెళ్లాను. అక్కడాయనకూ అదే కనిపించింది.

"ఫార్మాట్ పన్నిడలామా సార్?" అన్నాడు. చేసేద్దామా అని.

చేస్తే పోయినవి వస్తాయా అన్నాను. ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టి లాగి చూడొచ్చన్నాడు, వస్తే వస్తాయి, లేకపోతే లేదు. నేను అలసిపోయి ఉన్నాను. సరేనన్నాను. ఆయన మౌస్ మీద చెయ్యి పెట్టి, మళ్లీ నా వైపు తిరిగాడు.

"ఉళ్ళే ఎన్న ఇరుక్కు సార్?"

లోపల ఏముందని అడుగుతున్నాడు. నేను చెప్పలేకపోయాను. ఒక కొంగు అని నోటిదాకా వచ్చింది. అది పూర్తయిందో లేదో తెలియదు, ఇంకేమున్నాయో తెలియదు. నా తమ్ముడి పని గురించి నాకు తెలిసింది ఎంతో, అంగడిలో ఆ బల్ల ముందు నిలబడినప్పుడు తెలిసింది. వద్దులే అని పెన్‌డ్రైవ్ వెనక్కి తీసుకున్నాను. ఆయన డబ్బులు తీసుకోలేదు.

మర్నాడు పొద్దున మళ్లీ తిరుత్తణి వెళ్లాను. మామ అక్కడే ఉన్నాడు. జరిగింది ఆయనకు చెప్పాను. లోపలికి వినిపించేలాగే చెప్పాననుకుంటాను. తలుపు వెనక నుంచి మరదలు అంది.

"తుడిచేసినారా అడుగు మామా."

"తుడిచేసినావా నాయనా?"

"లేదు మామా."

"లేదంటమ్మా." ఆయన అటూ ఇటూ చూశాడు. "ఏమే, నన్నేమి మగ్గంలో నాడె మాదిరి ఈ పక్కకూ ఆ పక్కకూ ఇసురుతా ఉండారు? ఇద్దరికీ నోరుండాది కద. మీ నడాన ఉండినోడు పోయినాడు. ఇంక నా వల్ల కాదు, మీరే మాట్లాడుకోండి."

తర్వాత ఆమె బయటికి వచ్చింది. పెన్‌డ్రైవ్ నా చేతిలోంచి కాకుండా, నేను బల్ల మీద పెట్టాక తీసుకుంది. తమ్ముడి కుర్చీలో కూర్చోలేదు. నిలబడే గుచ్చింది.

"ఇది దానంతట అది తెరుచుకోదు," అంది. చూపు తెర మీదే ఉంది, కానీ మాట నాతోనే. "ఆయనే ఆపిపెట్టినాడు. ఒకసారి చీరల అంగడాయన ఎవరో పెన్‌డ్రైవ్ తెచ్చి పెడితే అది గమ్మున తెరుచుకుని, వైరస్ దూరి, రెండు నెలల పని పాయ. అప్పటినుంచి ఎవరిది పెట్టినా ముందు అడిగేవాడు, ఇది ఎవరిది, లోపల ఏముండాది అని. మా మామను కూడా నమ్మలా."

"నమ్మలేదే! నేనేమో తిరుట్టుపయల్ని, దొంగోడ్ని అయినట్టు," అన్నాడు మామ.

"తన దాన్ని వేరే మాదిరి ఫార్మాట్‌లో పెట్టుకున్నాడు. బయట మెషిన్లలో తెరుచుకోదు. ఇక్కడే తెరుచుకుంటుంది."

ఫైళ్ల కిటికీ తెరిచి, ఎడమ పక్క వరసలో అడుగున ఉన్న చిన్న పేరును చూపించింది. నిన్న కూడా అది అక్కడే ఉండి ఉంటుంది. నేను తెర మధ్యలో ఏదో వస్తుందని ఎదురుచూశాను గానీ పక్కన చూడలేదు. ఆమె ఒక్కసారి నొక్కింది. అన్నీ వచ్చాయి.

పద్నాలుగేళ్లు ఆమె ఆ గదిలోనే రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టింది. వాడు చేసే ప్రతి పనినీ చూసింది. ఈ సంగతి నాకు తెలియంది కాదు. అయినా ముక్కూ ముఖం తెలియని మనిషి దగ్గరికి వెళ్లి తుడిచెయ్యమన్నాను గానీ, గోడకు అవతలున్న మనిషిని అడగలేదు. పుస్తకాలు చదివిన వాడినని ఇంట్లో నాకు పేరు.

కొంగు తెరిచింది. అన్నపక్షుల వరసలు. కింది నుంచి తొమ్మిది వరసలు నిండుగా ఉన్నాయి. పదో వరసలో ఎడమ పక్క మూడు పక్షులున్నాయి. మూడోదానికి తోక లేదు. ఆ పైన ఖాళీ గళ్లు.

మామ తెరకు దగ్గరగా వంగి చూశాడు. "ఇంకా నాలుగు వరసలు కావాల. పక్క ఊర్లో గీసేవాడు ఒకడుండాడు. ఇది చూసి అట్లే గీసేస్తాడు. ఎవరికీ తెలవదు."

నాకూ అదే సరి అనిపించింది. అయినా ఆమె వైపు తిరిగి, "నువ్వేమంటావమ్మా?" అన్నాను. ఆమెను నేను నేరుగా అడిగిన మొదటి మాట అదే.

ఆమె తెర మీద వరసలను కింది నుంచి వేలితో లెక్కపెట్టింది.

"తొమ్మిదితో నిలిపేద్దాం. పైన జరీ పట్టెలు వేసి ముగించు మామా. అవి నీకు చేతనవును. ఆయన గీయని పక్షులు ఎందుకు?"

"కురచవుతుందే."

"అయితే కానీ మామా."

మగ్గానికి ఇవ్వాల్సిన ఫైలులో పదో వరస ఉండకూడదు. మౌస్ నా చేతికి ఇచ్చింది. నేను ఆ మూడు పక్షుల దాకా పోయి ఆగిపోయాను. ఆమె మౌస్ తీసుకుని, ముందు ఒక కాపీ చేసింది. "అసలుది అట్లే ఉండనీ బావా," అని, కాపీలో మూడింటినీ తనే చెరిపింది. తోక లేనిదాన్ని ముందు చెరిపింది.

ఆ తర్వాత పన్నెండో రోజున మామ మగ్గం మీంచి చీర కోశాడు. ఇవ్వడానికి నన్నూ వెంట రమ్మన్నాడు. పెళ్లికూతురి తల్లి చీర విప్పి, అంచు వేలితో తడిమి, కొంగు భుజం మీద వేసుకుని చూసింది.

"బాగుండాది. కొంగే రవ్వంత కురచ."

"అంతే గీసినాడమ్మా," అన్నాడు మామ.

ఆమె చీరను మళ్లీ అవే మడతల్లో పెట్టి లోపలికి తీసుకువెళ్లింది.