నీ ప్రేమ నా కుక్కకొద్దు

నిన్న పొద్దున్నే మామ ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, మీ అత్త లేస్తలేదే."

లేపు మామా, గట్టిగా పిలువు అంటూనే ఉన్నాను. ఆయన ఏడుస్తున్నాడని అర్థం కావడానికి నాకు టైం పట్టింది.

మా సరోజనత్త పోయింది. వాళ్ళింట్లోనే కూర్చుని ఇది టైప్ చేస్తున్నాను.

ములకలపల్లి దగ్గర అడవి అంచున వాళ్ళ చేను. ఎనభైల్లో, నేను ఇంటర్ రాసి అక్కడ పడి ఉన్న రోజుల్లో, వాళ్ళకి భీముడని గ్రేట్ డేన్ ఉండేవాడు. కొత్తగూడెంలో ఒక ఆఫీసరు ట్రాన్స్‌ఫర్ అయిపోతూ ఇచ్చి వెళ్ళిన కుక్క. నిలబడితే నా నడుము దాకా వచ్చేవాడు. అత్తకి పిల్లల్లేరు. ఇంక చెప్పేదేముంది.

ఆ ఏడు బోర్‌లో నీళ్ళు పడ్డాయని మేకను కోసి చుట్టాలందర్నీ పిలిచారు.

భోజనాల దగ్గర అందరి చూపూ భీముడి మీదే. ఒకళ్ళు బొక్క, ఒకళ్ళు గారె, ఒకళ్ళు ఉల్లిపాయల కూర కలిపిన ముద్ద. "గంత ఒళ్ళుంది, గీ మాత్రం తినకపోతే ఎట్ల" అని ఒకటే గోల. అత్త కూడా మురిసిపోతూ ఇంకో గరిటె వేసింది.

అప్పుడే జొన్నచేలో కోతులు దిగాయి. మామ ఈల వేశాడు. భీముడు నిండు కడుపుతో ఉరికాడు.

తిరిగొచ్చాక కూర్చోడు, పడుకోడు. పొట్ట డప్పులా బిగుసుకుపోయింది. కక్కాలని చూస్తాడు, ఏమీ రాదు.

ట్రాక్టర్ మీద కొత్తగూడెం పశువుల దవాఖానాకి బయల్దేరాం. వెనక గడ్డిలో అత్త వాడి తల ఒళ్ళో పెట్టుకుని "జల్దీ పోనియ్యి, జల్దీ" అని దారంతా అరుస్తూనే ఉంది.

ఊరు ఇంకా రాకముందే అరవడం ఆపేసింది.

డాక్టరు తిట్టలేదు. "పెద్ద జాతి కుక్కలమ్మా. మస్తుగ తిని ఉరికితే లోపల కడుపు మెలిపడుద్ది" అన్నాడు. ఉల్లిపాయలు, ఉడికిన బొక్కలు కూడా విషమే అనుకోండి అని చెప్పాడు.

"పగోళ్ళెవరూ పెట్టలే సారూ. అందరం ప్రేమతోనే పెట్టినం" అని అత్త నేల మీద కూలబడింది.

భీముడు పోయాక ఆవిడ పెంచిన ప్రతి కుక్కకీ, కూరలో ఉప్పూ కారం ఉల్లిపాయా పడకముందే వాటా పక్కకి తీసేది. బొక్కలు ఏరేసేది. ఒకేసారి కుమ్మరించకుండా పూటపూటకీ కొంచెం. తిన్నాక కట్టేసి, కునుకు పట్టేదాకా పక్కనే పీట వేసుకుని చింతపండు గింజలు తీసేది.

ఎవరైనా ముద్ద విసరబోతే "నీ ప్రేమ నా కుక్కకొద్దు, నువ్వే తిను" అనేది. చాలామంది నొచ్చుకున్నారు. ఆవిడ లెక్కచేయలేదు.

ఇప్పుడు టైగర్ ఉన్నాడు. రాట్‌వీలర్. నిన్నటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

వచ్చినవాళ్ళంతా పాపం అంటూ ఏదో ఒకటి వాడి నోటి దగ్గర పెడుతున్నారు. ఒకాయన చేతిలో పకోడీ లాక్కున్నాను. నాకు పిచ్చి పట్టిందనుకున్నారు.

పట్టిందేమో. మామ సరిగ్గా నడవలేడు. రేపటి నుంచి వీడికి ఎవరు పెడతారు? వీడు అసలు తింటాడా? ఏమీ తోచట్లేదు. నిజంగా.

పెద్దకర్మకి వచ్చేవాళ్ళకి దండం పెడతాను. టైగర్‌కి ఎవరూ ఏమీ పెట్టకండి. జాలేస్తే కాసేపు పక్కన కూర్చోండి.

ఇందాక పక్కింటి వదిన సొరకాయ ఉడికిస్తుంటే, ఉప్పు వేయకముందే కొంచెం తీయించి అన్నంలో మెత్తగా కలిపాను. వాడు వాసన చూసి, వెళ్ళి అత్త పీట పక్కన పడుకున్నాడు.

వెళ్ళి ఆ పీట మీద కూర్చున్నాను. గిన్నె ముందు పెట్టుకుని.

అత్తా, ఇప్పుడే ఒక్క ముద్ద తిన్నాడు. కునుకు పట్టేదాకా నేను లేవను.

నువ్వు నిశ్చింతగా పడుకో.