పండక్కి ఇవ్వని చీర

అక్క పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను ఆవుకు గడ్డి వేస్తున్నాను. చేసింది హోసూరు పక్కన మత్తిగిరిలో, అక్క ఊళ్లోనే ఉండే ఫ్యాక్టరీ ఆయన. "పెద్దాయనా, నర్సమ్మగారు ఇక లేరండీ. తెల్లవారుజామున నిద్రలోనే" అన్నాడు. గడ్డి చేతిలోనే ఉండిపోయింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, మొదట నాకు వచ్చింది ఏడుపు కాదు, భయం. ఇక మా పనికి సాయం చేసే ట్రస్టువాళ్ల ముందు ఎవరు మాట్లాడతారు? వెంటనే రెండో భయం. ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఒక చీర ఉంది. దాన్ని తీసుకుపోవాలా, వద్దా?

ఆమె నాకు తోడబుట్టింది కాదు. కుప్పం వైపు పిల్ల, మా ఊరి హెల్త్ సెంటరుకు నర్సుగా వచ్చింది. తల్లీదండ్రీ చిన్నప్పుడే పోయారు. మా పెద్దవాడు కడుపులో అడ్డం తిరిగినప్పుడు ఆమె లేకపోతే తల్లీబిడ్డా దక్కేవాళ్లు కాదు. ఆ ఏడు గౌరి పండక్కి మా అమ్మ నా చేతిలో చీర పెట్టి, "ఆ యమ్మకు పుట్టిల్లు లేదంట. పోయి ఇచ్చిరాప్పా. ఇంక నువ్వే తమ్ముడు" అంది. మా హోసూరు వైపు గౌరి పండక్కి అన్నదమ్ములు ఆడబిడ్డకు చీర పెట్టడం ఆనవాయితీ. నేను గడప మీద చీర పెట్టి, మాట్లాడకుండా వచ్చేశాను. సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చి, "ఏమ్మా, నా తమ్ముడు మూగోడా?" అని అమ్మను అడిగింది. అప్పటినుంచి ఏటా చీర ఇచ్చాను, ఒక్క ఏడు తప్ప.

నా భార్యకు పక్షవాతం వచ్చి మంచాన పడినప్పుడు అక్క రిటైరై మత్తిగిరిలో ఉండేది. రోజు విడిచి రోజు బస్సెక్కి వచ్చి, గొడుగుతో మా గేటును రెండుసార్లు కొట్టేది. నా భార్య వీపంతా పుండ్లు పడ్డాయి. అది చూసి బెంగుళూరు పోయి నీళ్లపరుపు ఒకటి కొని తెచ్చింది. రబ్బరు పరుపులో నీళ్లు నింపుతారు. దాని మీద పడుకుంటే ఒంటి బరువంతా ఒకచోట పడదు. నీళ్లు నింపేముందు ప్రతిసారీ బకెట్లో మోచేయి పెట్టి చూసేది.

"చన్నీళ్లు పోస్తే పడుకున్నోళ్లకు ఎముకల్లో వణుకప్పా. వాళ్లు చెప్పలేరు. మనమే చూడాల."

భార్య పోయాక నేను ఆ పరుపును చుట్టి అటక మీద పెట్టాను. పదిరోజులైనా కాలేదు, అక్క వచ్చి తల పైకెత్తి చూసింది. "అది ఆడ పడుకోని ఏం చేస్తాంది? కింద పడుకున్నోళ్లు ఎంతమంది ఉండారు" అంది. మర్నాడే అది పక్క ఊళ్లో ఒక ముసలాయన కిందకు పోయింది. అలా మొదలైంది. తర్వాత్తర్వాత ఆమె ఇంటి ముందు గది నిండా చక్రాల కుర్చీలు, వాకర్లు, మడత మంచాలు. కావలసినవాళ్లు ఊరికే తీసుకుపోవచ్చు, అవసరం తీరాక తెచ్చివ్వాలి. ఏ కులం, ఏ ఊరు అని అడిగేది కాదు. "కడిగి తెండి" అని మాత్రం అనేది. ఇది చదువుతున్న మీలో కొందరి ఇళ్లకూ అవి వచ్చే ఉంటాయి.

అయినా పరుపులు చాలేవి కావు. పాతవి అతుకు వేసిన చోటే కారేవి. అనంతపురం నుంచి వచ్చి హోసూరులో పనిచేసే ఫ్యాక్టరీ ఆయన, వాళ్లమ్మ కోసం కుర్చీ తీసుకుపోవడానికి వచ్చి, ఒక ట్రస్టు సంగతి చెప్పాడు. ఊళ్లలో జరిగే చిన్న చిన్న మంచి పనులకు వాళ్లు సాయం చేస్తారట. అక్క కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి ఫారం చదివింది. గుడి పనికి ఇవ్వరు. ఒక ఇంటికో ఒక కులానికో ఇవ్వరు. జీతాలకు ఇవ్వరు. పని మొదలై ఏడాది దాటి ఉండాలి. బాధ్యులు ముగ్గురు ఉండాలి, ఆ ముగ్గురూ ఒకరికొకరు చుట్టాలు కాకూడదు.

"అన్నీ సరిపోతాయి" అంది అక్క. ఫ్యాక్టరీ ఆయన పేరు, తన పేరు రాసి, పైన అధ్యక్షుడని నా పేరు రాసింది.

"నేను యాడ, అధ్యక్షుడు యాడక్కా. నాకు నోరు రాదు."

"నోరు నాకుంది. నువ్వు కూచుంటే చాలు. అధ్యక్షులు చేసేది అదే కదప్పా."

ట్రస్టు ఆఫీసరు చూడ్డానికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. అక్క లోపల కాఫీ పెడుతోంది. ఆయన నావైపు తిరిగి, "మీరూ నర్సమ్మా చుట్టాలా?" అని తమిళంలో అడిగాడు. తమిళం నాకు బాగా వచ్చు, అడిగింది అర్థమైంది. కానీ ఆఫీసరు ఎదురుగా కూర్చుంటే చిన్నప్పటినుంచీ నాకు మాట రాదు. తల ఊపాను. "మీ అక్కా?" అన్నాడు. మళ్లీ ఊపాను. ఆయన ఫైల్లో ఏదో రాసుకున్నాడు.

బాధ్యులు చుట్టాలు కాబట్టి అర్హత లేదని జాబు వచ్చింది. చుట్టాలం కాదంటే కృష్ణగిరి ఆఫీసుకు వచ్చి రాసివ్వాలట. నా ఒక్క తల ఊపుతో పరుపులన్నీ పోయాయని రెండు రోజులు అన్నం సయించలేదు. ఫ్యాక్టరీ ఆయన, "నోరు సరే, ఆ తలకాయనైనా కాస్త ఆపాల్సింది పెద్దాయనా" అన్నాడు. అక్క మాత్రం నవ్వింది.

ఇద్దరం బస్సులో కృష్ణగిరి పోయాం. దారంతా మామిడికాయల లారీలు. ఆఫీసులో కాగితం ముందు పెట్టారు. మా మధ్య రక్తసంబంధం గానీ పెళ్లి సంబంధం గానీ లేదని ఉంది అందులో. పెన్ను కదల్లేదు. అక్క నా చెవి దగ్గర, "రక్తం లేదు, పెళ్లి లేదు. నిజమే కదప్పా, పెట్టు" అంది. పెట్టాను. అక్షరాలు గీత దాటాయి. ఏడాదికోసారి వచ్చి చూస్తామని, చుట్టరికం బయటపడితే సాయం ఆపేస్తామని ఆఫీసరు చెప్పాడు. బయటికొచ్చాక అక్క అంది, "భయపడితే పడు. పని మాత్రం ఆపొద్దు." మళ్లీ నాలుగడుగులు వేసి, "ఆ కాగితం చూపించి నా పండగ చీర ఎగ్గొట్టేవు, జాగ్రత్త" అంది.

పరుపులు వచ్చాయి. ఆ ఏడు గౌరి పండక్కి హోసూరులో లేత ఆకుపచ్చ చీర తీసుకున్నాను, సన్నంచుది. కానీ అక్క ఉండే వీధి నిండా ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లే. ఎవరైనా చూస్తే? తమ్ముడు చీర పెట్టాడని ఆఫీసులో చెబితే? సంచి పట్టుకుని బస్టాపు దాకా పోయి, వెనక్కి వచ్చేశాను. వారం తర్వాత ఉత్త చేతులతో వెళ్లాను. అక్క పాత చీరే ఉతికి కట్టుకుని ఉంది. కాఫీ ఇచ్చింది. చీర మాట ఎత్తలేదు. "పండగ పూట బస్సుల్లో జనం ఎక్కువేమో" అని మాత్రం అంది. అవునక్కా అన్నాను.

ఆ చీరే సంచిలో పెట్టుకుని ఈసారి వెళ్లాను. వాకిట్లో అక్కను స్నానానికి సిద్ధం చేస్తున్నారు. గుమ్మం దగ్గర పూలదండతో ఆఫీసరు నిలబడి ఉన్నాడు. సంచిని వెనక్కి పెట్టుకున్నాను. నీళ్లు పోశాక ఒక పెద్దామె, "పుట్టింటి చీర యాడమ్మా? పుట్టింటోళ్లు ఎవురూ రాలేదా?" అంది. ఇంకోసారి అడిగింది. ఫ్యాక్టరీ ఆయన నన్ను చూశాడు, ఆఫీసరును చూశాడు, తల దించుకున్నాడు. నా సంతకం ఆ ఆఫీసరు ఫైల్లో ఉంది. మా పరుపుల మీద చుట్టుపక్కల ఊళ్లలో మనుషులు పడుకుని ఉన్నారు. వాళ్ల వీపులు నా కళ్ల ముందు తిరిగాయి. అక్క కట్టుకున్న పాత చీరా తిరిగింది.

"వచ్చినారమ్మా" అన్నాను. అది నా గొంతేనా అనిపించింది. "నేను తమ్ముణ్ణి."

ఆఫీసరు నా మొహంలోకి చూశాడు. చెప్పులు విడిచి పక్కకు జరిగాడు. దారి ఇచ్చాడో, దూరం జరిగాడో నాకు తెలీలేదు. వెళ్లి చీర కప్పాను. మడతలు పడిపోయి ఉంటే చేత్తో సరిచేశాను.

పోతూ పోతూ ఆయన, "సోమవారం తనిఖీకి వస్తాను. ఇక మీరే మాట్లాడాలి" అన్నాడు. మొహంలో ఏమీ కనపడలేదు. ఇవాళ శనివారం. చీర పెట్టాను, రక్తసంబంధం లేదు. రెండూ నిజమే అని చెప్పాలి. చెప్పగలనో లేదో తెలీదు.

అక్కను సాగనంపిన మధ్యాహ్నమే కల్లావి నుంచి ఒకాయన వ్యాను తీసుకుని వచ్చాడు, తల్లి కోసం. గదిలో ఒక్క పరుపూ మిగల్లేదు, చివరి రోజుల్లో అక్క పడుకున్నది తప్ప. నేనే దాన్ని వాకిట్లోకి లాగి బిరడా తీశాను. నీళ్లు ఆమె కనకాంబరం మొక్కల్లోకి పారాయి. కాసేపు చూసి, వంగి మోచేయి పెట్టాను. ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి.