నాయనమ్మ ఆగిన చోట

మహబూబాబాద్‌లో జనగామ బస్సెక్కి, గిటారు ఒళ్లో పెట్టుకుని ఫోన్లో నాయనమ్మ పాట పెట్టుకున్నాను. నాటు వేసేటప్పుడు పాడే పాట అది. నాయనమ్మ చనిపోయే ముందు మంచంలో కూర్చుని పాడుతుంటే చెల్లెలు రికార్డు చేసింది. ప్రతి చరణం తర్వాత నాయనమ్మ కాసేపు ఆగుతుంది. పాపం, ఆయాసం అనుకున్నాం. ఇంట్లో అందరం చేరి ఆ పాట పెట్టుకున్నప్పుడల్లా ఆ ఖాళీలను నేను గిటారుతో నింపేవాణ్ణి.

పక్క సీట్లో ఉన్న ముసలామె కాసేపు విన్నది. నాయనమ్మ ఆగగానే, సన్నటి గొంతుతో తను అందుకుంది. ఆమె పాడడం అయిపోయిన మరుక్షణమే ఫోన్లో నాయనమ్మ తర్వాతి చరణం ఎత్తుకుంది. ఇద్దరూ ఒకే మడిలో వంగి పాడుతున్నట్టే ఉంది.

"మా నాయనమ్మకు ఆయాసం ఉండె అవ్వా, అందుకే ఆగుతది," అన్నాను.

"ఆయాసం కాదు బిడ్డా. నాటుకాడ ఒకామె పాడితే కడమోళ్లు అందుకోవాలె. ఎవలన్న అందుకుంటరా అని సూస్తాంది. మీరెవ్వలు లేకుంటిరా గప్పుడు?"

అంతలో నెల్లికుదురు వచ్చింది. ఆమె దిగిపోయింది.

ఉన్నాం. అందరం మంచం చుట్టూనే ఉన్నాం. రికార్డు అవుతోంది, చప్పుడు చేయొద్దని ఒకరికొకరం సైగలు చేసుకున్నాం.

ఇప్పుడా ఖాళీలు రాగానే గిటారు మీద నా చేయి ఆగిపోతుంది. చెవిపెట్టి వింటే, వాటిలో మా ఊపిరి వినబడుతుంది.